ఇద్దరు ప్రధాన గాయకుల్లో ఒకరిని తెలుగులో ఏమని పేర్కొనాలి?

ఐర్లాండుకు చెందిన బాయ్‌జోన్ అనే పాప్ బృందపు గాయకుడు స్టీఫెన్ గేట్లీ (1976–2009) గురించి ఒక వ్యాసం రాస్తూ, రెండు వారాలుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. 1993లో డబ్లిన్‌లో ఏర్పడిన ఆ అయిదుగురి బృందంలో ప్రధాన గాత్రాన్ని రోనన్ కీటింగ్, గేట్లీ పంచుకునేవారు; 1998లో బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచిన 'నో మాటర్ వాట్' పాటలోనూ ఇద్దరి గొంతులూ ప్రధానంగానే వినిపిస్తాయి.

మొదట 'సహ గాయకుడు' అని రాశాను. చిత్తుప్రతి చదివిన ఇద్దరు మిత్రులూ గేట్లీ వెనుక నిలబడి వంత పాడేవాడని అర్థం చేసుకున్నారు. 'యుగళ గాయకుడు' అంటే సినిమా డ్యూయెట్ గుర్తుకు వస్తోంది, పైగా మిగిలిన ముగ్గురూ లెక్కలోకి రాకుండా పోతున్నారు. 'సహ ప్రధాన గాయకుడు' అర్థానికి సరిపోతుంది కానీ ప్రభుత్వ ఉత్తర్వులో హోదాలా ధ్వనిస్తోంది. బుర్రకథలో కథకుడికీ వంతలకీ ఉన్నంత స్పష్టమైన మాటలు ఇక్కడ దొరుకుతాయేమోనని వెదికాను గాని, అక్కడ కథకుడు ఒక్కడే కాబట్టి ఆ పోలిక కుదరలేదు. నా దగ్గరున్న రెండు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లోనూ ఈ అర్థానికి మాట లేదు. 'లీడ్ సింగర్' అని అలాగే ఉంచవచ్చు, అయితే వ్యాసంలో అది పదకొండు చోట్ల వస్తుంది.

1999లో తాను స్వలింగ ప్రియుడినని బహిరంగంగా చెప్పడం, 2000లో సొంత ఆల్బమ్ తేవడం వంటి తక్కిన ఘట్టాలు రాయడానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఒకే బృందంలో సమాన స్థాయిలో ప్రధాన గాత్రం అందించే ఇద్దరిలో ఒక్కరిని సూచించడానికి, వంత గాయకుడనే అర్థం రాకుండా, మీరు ఏ తెలుగు మాట వాడతారు?