అప్‌డేట్: అమ్మమ్మ జబ్బు, అమిలాయిడ్, టావ్ గురించి అడిగాను కదా

పర్లాకిమిడి నుంచి పోయిన నెల అడిగింది నేనే. అమ్మమ్మకి ఆల్జీమర్స్, మెదడులో పేరుకునే అమిలాయిడ్, టావ్ అనే రెండు ప్రోటీన్లలో అసలు ఏది ఏదాన్ని రెచ్చగొడుతుంది అని. జవాబులిచ్చిన అందరికీ నమస్కారం. మీరు చెప్పాక కూర్చుని చదివాను.

2001లో అమిలాయిడ్ ఎక్కువగా తయారయ్యే చిట్టెలుకల్ని, లోపమున్న మనిషి టావ్ జన్యువు పెట్టిన చిట్టెలుకలతో కలిపి పిల్లల్ని పుట్టించారు. ఆ పిల్లల మెదడులో టావ్ చిక్కులు, అంటే దారాల ముడుల్లా పేరుకున్న టావ్, బాగా పెరిగాయి. అమిలాయిడ్ గడ్డలు మాత్రం పెద్దగా మారలేదు. అంటే అమిలాయిడ్ వైపు నుంచే టావ్‌ మీద ఒత్తిడి వస్తోందన్నమాట. అలాగని టావ్ అమాయకురాలు కాదు. 2007లో టావ్ తగ్గించిన ఎలుకల్లో అమిలాయిడ్ ఉన్నంతా ఉంది, అయినా జ్ఞాపకశక్తి దెబ్బతినలేదు! ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

నన్ను బాధపెట్టింది ఎలుకల మీద చేసిన 2004 నాటి ప్రయోగం. యాంటీబాడీలతో అమిలాయిడ్ తీసేస్తే, తొలి దశలో ఉన్న టావ్ కూడా తగ్గింది. ఫాస్ఫేట్లు ఎక్కువగా అతుక్కుని ముదిరిపోయిన టావ్ మాత్రం కదల్లేదు.

ఎలుకల్లో అమిలాయిడ్ ఒక్కటే పెరిగితే మనిషికి వచ్చే టావ్ చిక్కులు రావు, కాబట్టి ఎలుక ఫలితం అలాగే మనిషికి పెట్టలేం. కానీ బరంపురంలో డాక్టరు గారు కూడా అదే దారిలో చెప్పారు: అమిలాయిడ్ తీసే కొత్త మందులు తొలి దశ వాళ్లకే, అమ్మమ్మ ఆ దశ దాటేసింది.

ఇప్పుడు నన్ను మా అమ్మ పేరుతో పిలుస్తోంది. నేను పలుకుతున్నాను.