1971 ఫియట్ ముందు పని: కింగ్ పిన్నులే వెయ్యాల్నా, మారుతి ర్యాక్ ఎక్కించాల్నా?

కాజీపేట డిలైట్
అన్నలారా, ఇది మా నాయిన నడిపిన బండి, 1971 ఫియట్ 1100 డిలైట్. నలభై దాటితే స్టీరింగ్ వణుకుతుంది. గుంతల పడితే ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటుంది. స్టీరింగ్ నాలుగు వేళ్ల మందం తిరిగినంకనే చక్రం కదులుతది. ములుగు రోడ్డుల ఒక మెకానిక్ చూసి, "ఈ సామాను ఇంక దొరకదు, ముందు భాగం కోసి మారుతి ర్యాక్ (పళ్ల కడ్డీతోని చక్రాలు తిప్పే స్టీరింగ్) పెడత" అన్నడు. ఇంకొకాయన ఒరిజినల్ కింగ్ పిన్నులే (ముందు చక్రం పక్కకు తిరిగేటందుకు ఇరుసు లెక్క ఉండే నిలువు కడ్డీలు) వెయ్యమంటడు. కొయ్యనీకి మనసొప్పుత లేదు, అట్లని ఏడాదికోసారి షెడ్డుల పండబెట్టుడు కూడా నాతోని కాదు. ఏం చెయ్యమంటరు?

చౌరస్తా పద్మిని
నా మాటైతే ర్యాకే. మా బాబాయి పద్మినికి పెట్టిచ్చినం, రెండేండ్లయింది. మలుపుల చెయ్యి నొయ్యదు, సామాను ఏ షాపుకు పోయినా దొరుకుతది. బండి అంటే నడుపుకునేది.

హంటర్ రోడ్ పాతబండి
తమ్మీ, కోతకు ఒప్పుకోకు. ఏం కొనాల్నో తర్వాత, ముందుగాల ఏం పోయిందో చూడు.

జాకీ కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కడ్డీ) కింద పెట్టి చక్రం లేపు. టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి పట్టి ఊపు. లొడలొడ కొడితే ఇంట్లకెల్లి ఒకరిని పిలిచి బ్రేకు తొక్కి పట్టమను, మళ్ల ఊపు. లొడలొడ ఆగితే పోయింది హబ్ బేరింగ్ (చక్రం నడిమిట్ల ఉండేది). ఆగకపోతే కింగ్ పిన్నో, దాని బుష్షులో (పిన్ను తిరిగే లోహపు గొట్టాలు). ఇంక చేతులు అటు పక్క ఇటు పక్క వేసి ఊపితే టై రాడ్ ఎండ్ల (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీల కొసల కీళ్ల) సంగతి తెలుస్తది. నేను ఇది చెయ్యకుండనే పిన్నులు మార్పిచ్చుకున్న. చప్పుడు పోలే. పోయింది బేరింగ్ అని తర్వాత తెలిసింది.

ర్యాక్ ఎందుకు వద్దంటున్ననంటే, ఫియట్ ముందర రెండు విష్‌బోన్లు (పైనొకటి, కిందొకటి ఉండే ఆ ఆర్ములే), కాయిల్ స్ప్రింగులు, వార్మ్ రోలర్ స్టీరింగ్ బాక్సు (లోపల మర మీద రోలర్ తిరిగే పెట్టె). విష్‌బోన్లు ఏ వంపుల లేస్తయో, దిగుతయో చూసి దానికి సరిపడ టై రాడ్ల పొడుగు పెట్టిన్రు. వేరే బండి ర్యాక్ తెచ్చి అతికిస్తే ఆ లెక్క తప్పుతది. గుంతల చక్రం లేచి దిగినప్పుడల్లా నువ్వు తిప్పకున్నా అదే పక్కకు గుంజుతది. చౌరస్తా తమ్ముడు చెప్పింది మలుపుల సుఖం. నర్సంపేట రోడ్డు మీద అరవైల పోంగ గుంత తగిలితే ఎట్లుంటదో అది కూడా చెప్పాలె. స్టీరింగుల వెల్డింగ్ అతుకు నేను ఎవ్వరికీ వెయ్యమని చెప్ప.

ఇంకోటి, 2021ల కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తరు. నీ బండికి ఆ వయసు వచ్చింది. ముందు భాగం కోసినంక ఏమని అడుగుతవ్?

చౌరస్తా పద్మిని
అన్నా, ఆ వింటేజ్ నంబరుకు 20,000 ఫీజు, తీసుకున్నంక రోజూ నడపనియ్యరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకే బయటికి తియ్యాలె. ఈయనకు అది అక్కెరకొస్తదా? పైంగ ఇప్పుడొచ్చే కొత్త కిట్ల పిన్నులు మెత్తగుంటున్నయి, ఏడాదికే అరుగుతున్నయి.

హంటర్ రోడ్ పాతబండి
రోజూ నడపనియ్యరన్నది నిజమే, నడుపుకునేటోనికి ఆ నంబరు పనికిరాదు. ఆ మాట నేనే చెప్పాల్సింది. మెత్త పిన్నుల మాట కూడా నిజం. అందుకే కొనేముందు పిన్ను కొసకు ఆకురాయి పెట్టి గీకు. జారిపోతే గట్టిది, కొరికితే వాపస్ ఇచ్చెయ్. ఇన్నేండ్లు ఈ సామాను నడిచింది బొంబాయి టాక్సీల మీద. 2023 అక్టోబర్‌ల పద్మిని టాక్సీలు బందయినయి, ఇంక దొరికేది తగ్గుతనే ఉంటది. దొరికినప్పుడే రెండు సెట్లు తీసి పెట్టుకో. పద్మిని అంటే ఈ బండికే తర్వాత పెట్టిన పేరు, అయినా నీ పాత పిన్ను చేతిల పట్టుకపోయి కొలిచి తెచ్చుకో.

ఎంత మంచి పిన్నైనా బిగించుట్ల పోతది. బుష్షుకున్న చిల్లి, గ్రీజు నిప్పిల్ (గ్రీజు ఎక్కించే చిన్న ముక్కు) చిల్లి ఎదురెదురు రావాలె. జర పక్కకు తిరిగినా గ్రీజు లోపలికి పోదు, ఆరు నెలలల్ల పిన్ను ఎండి పట్టేస్తది. ఏడాదికే అరిగినయని అనేటియి కొన్ని గిట్లనే పోతయి. బుష్షు ఎక్కిచ్చినంక పైదీ కిందిదీ ఒకే వరుసల రీమర్ (చిల్లిని కొలతకు నున్నగ తెచ్చే పనిముట్టు) కొట్టాలె, సుత్తెతోని పిన్నును దింపొద్దు. తర్వాత చక్రం లేపి గ్రీజు కొట్టాలె. బరువు మీదుంటే పిన్ను కింది బేరింగుకు సరిగ అందదు.

స్క్రాపుల పాతది కొనదగ్గది స్టీరింగ్ బాక్సొక్కటే. కొనేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడు. రోలర్ నడిమిట్ల ఎక్కువ అరుగుతది. నడిమిట్ల ప్లే (వదులు) పోవాలని స్క్రూ బిగిస్తే కొసలల్ల పట్టేస్తది, అసొంటిది వద్దు. టై రాడ్ ఎండ్లు మాత్రం ఎప్పుడైనా కొత్తవే.

కాజీపేట డిలైట్
పొద్దుగాల మా అమ్మతోని బ్రేకు తొక్కిచ్చిన. ఎడమ చక్రం ఊగుడు ఆగింది, కుడిది ఆగలే. అంటే ఒక దిక్కు బేరింగ్, ఇంకో దిక్కు పిన్ను. ర్యాక్ వద్దని ములుగు రోడ్డు మెకానిక్‌కు చెప్పిన. ఆదివారం కుడి పిన్ను విప్పుతున్నం, దాన్ని కొలిచి సెట్టు కోసం హైదరాబాద్ పోత. ఆకురాయి జేబుల పెట్టుకున్న.