బరువు తగ్గాలంటే రోజుకి 4 లీటర్ల నీళ్లు తాగాల్సిందేనా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నెల రోజులుగా రాత్రి అన్నం మానేసి, పొద్దున్నే నడుస్తున్నాను, 2 కిలోలు తగ్గాను. జిమ్ ట్రైనర్ రోజుకి 4 లీటర్లు తాగాల్సిందే అంటున్నారు. నాది ఏసీలో కూర్చునే పని, రెండున్నర దాటితే కడుపు ఉబ్బరం, రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తోంది. నిజంగా అంత కావాలా అండీ?

జవాబు 1:
అంత బలవంతం వద్దండి. నీళ్లు కొవ్వును కరిగించవు. భోజనానికి అరగంట ముందు రెండు గ్లాసులు తాగితే కడుపు కాస్త నిండి తక్కువ తింటాం, అసలు లాభం అదే. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టే. రాత్రిపూట తగ్గించండి, నిద్ర పాడైతే మర్నాడు ఆకలి ఇంకా ఎక్కువ వేస్తుంది.

జవాబు 2:
నాకైతే టీ తగ్గించడం పనిచేసింది. రోజుకి నాలుగు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర, అంటే చక్కెరతోనే సుమారు 130 కేలరీలు! ఇప్పుడు ఆ టైముకి నీళ్లో, వెన్న తీసిన పల్చటి మజ్జిగో తాగుతున్నా. చారు, పుచ్చకాయలో ఉండే నీళ్లు కూడా లెక్కలోకే వస్తాయి.

జవాబు 3:
కిడ్నీ, గుండె జబ్బులుంటే ఈ లెక్కలేవీ పట్టుకోవద్దు, మా నాన్నగారికి డాక్టర్ నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లైనా తక్కువ టైములో లీటర్ల కొద్దీ తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదకి రావచ్చు.