పురోగతి శాతం: రోజులను బట్టి వేయాలా, జరిగిన పనిని బట్టి వేయాలా?

కొత్త ప్లానర్
అందరికీ నమస్కారం. మా ప్రాజెక్టు షెడ్యూలు ప్రిమవేరా పి6 అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేరులో ఉంది. యాక్టివిటీలన్నిటికీ (షెడ్యూలులోని పనులకు) పర్సెంట్ కంప్లీట్ టైపు, అంటే పురోగతి శాతం లెక్కించే పద్ధతి, ‘డ్యూరేషన్’ (రోజులను బట్టి) అని పెట్టారు. ‘ఫిజికల్’కు (జరిగిన పనిని బట్టి) మారుద్దామని నేను అడుగుతున్నాను. నెలవారీ రిపోర్టు గందరగోళమవుతుందని మా మేనేజరు గారు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు ఏమంటారు?

షెడ్యూలర్
మీ మేనేజరు గారి మాటే సరైనది. పని ఎప్పటికి పూర్తవుతుందో చెప్పడానికే షెడ్యూలు. అందుకు కావలసింది మిగిలిన రోజులు, అంటే రిమైనింగ్ డ్యూరేషన్. డ్యూరేషన్ టైపులో శాతమూ మిగిలిన రోజులూ ముడిపడి ఉంటాయి, ఒకటి మారిస్తే రెండోది దానంతట అదే మారుతుంది. ఫిజికల్‌లో ఆ ముడి ఉండదు. శాతం 90 అని నమోదు చేసి, మిగిలిన 20 రోజులను ముట్టుకోకుండా వదిలేసిన షెడ్యూళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. డేటా డేట్ (ఎప్పటి వరకు పురోగతి నమోదు చేశామో చెప్పే తేదీ) ముందుకు జరిపి షెడ్యూల్ చేయగానే, దాదాపు అయిపోయిన పని ఆ తేదీ నుంచి ఇంకో 20 రోజులు సాగుతుంది. క్రిటికల్ పాత్ (ముగింపు తేదీని నిర్ణయించే పనుల వరుస) మీద అలాంటిది ఒక్కటి ఉన్నా ముగింపు తేదీని నమ్మలేం.

సైటు ఇంజనీరు
షెడ్యూలర్ గారూ, మీరు మెచ్చుకుంటున్న ఆ ముడితోనే మాకు చిక్కంతా. 20 రోజుల్లో 6,000 మీటర్ల కేబుల్ లాగాలి అనుకోండి. పది రోజులు గడిచేసరికి 1,800 మీటర్లు అయింది. జరిగిన పని 30 శాతం. ఇదే వేగంతో వెళితే మిగతా 4,200 మీటర్లకు ఇంకా 24 రోజులు కావాలి. ఆ సంగతి నిజాయితీగా రిమైనింగ్ డ్యూరేషన్‌లో 24 అని రాస్తే, పి6 చూపించే డ్యూరేషన్ శాతం ఎంతో తెలుసా? సున్నా. అనుకున్న రోజుల్లోంచి మిగిలిన రోజులు తీసేసి, దాన్ని అనుకున్న రోజులతో భాగిస్తుంది. మిగిలినవే ఎక్కువైతే సున్నా దగ్గర ఆగిపోతుంది. పోనీ, ఇంకో బృందాన్ని దింపి పది రోజుల్లో ముగిస్తామని 10 రాస్తే వెంటనే 50 శాతం అంటుంది. నేల మీద ఉన్న కేబుల్ మాత్రం అదే 1,800 మీటర్లు. ఎండలో నిలబడి లాగిన పనికి ఒకసారి సున్నా, ఒకసారి 50 చూపించే అంకెను పురోగతి అని ఎలా అంటాం?

కాస్ట్ కంట్రోల్
పై ఉదాహరణను మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో వేస్తే మూడో జవాబు వస్తుంది. అక్కడ శాతం అంటే గడిచిన రోజులను సవరించిన మొత్తం రోజులతో భాగించడం. గడిచిన 10ని, దానికి మిగిలిన 24 కలిపిన 34తో భాగిస్తే సుమారు 29. వేగం మారలేదు కాబట్టి అసలు పనికి దగ్గరగా వచ్చింది. రెండో బృందం వస్తే అక్కడా 50కి ఎగురుతుంది.

నా బాధ ఎర్న్‌డ్ వాల్యూ గురించి. బడ్జెట్‌ను శాతంతో గుణించి సంపాదించిన విలువ తీస్తాం. ఆ శాతం రోజుల నుంచి వస్తే, రేపు చేస్తామన్న మాటకు ఇవాళే విలువ కట్టినట్టవుతుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లోనూ ఈ లెక్కకు ఫిజికల్ శాతం తీసుకోమని విడిగా ఎంచుకోవాలి, మామూలుగా అది రోజుల శాతాన్నే తీసుకుంటుంది. యూనిట్స్ టైపు కూడా మందు కాదు. అది ఖర్చయిన పనిగంటలను చూస్తుంది, కట్టిన గోడ కూల్చి మళ్లీ కట్టినా శాతం పెరుగుతూనే ఉంటుంది.

షెడ్యూలర్
లెక్క ఒప్పుకుంటాను. మరి ఫిజికల్ శాతం ఎవరు చెబుతారు? బిల్లు ఆ అంకె మీద ఆధారపడి ఉన్నప్పుడు కాంట్రాక్టరు 70 అంటాడు, క్లయింటు ఇంజనీరు 50 అంటాడు. తొలి వారాల్లో పరుగెత్తి 90కి చేరి, నెలల తరబడి అక్కడే కూర్చునే యాక్టివిటీలు మీరూ చూసే ఉంటారు.

సైటు ఇంజనీరు
అందుకే అభిప్రాయం అడగకూడదు, కొలవాలి. మీటర్లు, ఘనపు మీటర్లు, వెల్డు జాయింట్లు ఉన్నచోట గొడవే లేదు. కొలత లేని చోట పి6లో స్టెప్స్ ఉన్నాయి, అంటే పనిని దశలుగా విడగొట్టి ఒక్కోదానికి వాటా ఇవ్వడం. యంత్రం బిగింపునే తీసుకోండి. పునాది మీద నిలపడానికి 40, అలైన్‌మెంటుకు 30, గ్రౌటింగుకు (కింది ఖాళీని గారతో నింపడానికి) 10, పరీక్షకు 20 అని పని మొదలవక ముందే కాంట్రాక్టరు, క్లయింటు ఇద్దరూ సంతకం పెట్టాలి. స్టెప్పు పూర్తయితేనే దాని భాగం లెక్కకు తీసుకోవాలి. పరీక్షకు 20 ఉంచితే, అది జరగకుండా 80 దాటే దారి ఎవరికీ ఉండదు.

డిజైన్ ఆఫీసు
అన్నిటికీ ఫిజికల్ పెట్టేయకండి. కాంక్రీటు క్యూరింగుకు (తడిగా ఉంచి గట్టిపడనివ్వడానికి) కొలిచేది రోజులే, అక్కడ డ్యూరేషన్ టైపే ఉండాలి. పర్యవేక్షణ లాంటివి లెవెల్ ఆఫ్ ఎఫర్ట్‌గా (మిగతా పనులు సాగినంత కాలం సాగే యాక్టివిటీగా) పెడితే సరి. చిన్న యాక్టివిటీలకు, రెండు అప్‌డేట్ల మధ్య మొదలై ముగిసేవాటికి, శాతం గురించి తగవు అనవసరం. అయ్యేదాకా 0, అయ్యాక 100.

ఇంకొక్క మాట. పి6లో ఆటో కంప్యూట్ యాక్చువల్స్ అనే ఆప్షన్ ఎవరైనా టిక్ చేసి ఉంటే ముందు దాన్ని తీసేయండి. డేటా డేట్ లోపు జరగాల్సిన పనులన్నీ ప్లాను ప్రకారమే జరిగినట్టు సాఫ్ట్‌వేరే నింపేస్తుంది. ఏ టైపు పెట్టినా అప్పుడు వృథా.

కొత్త ప్లానర్
చాలా స్పష్టత వచ్చింది, ధన్యవాదాలు. నడుస్తున్న ప్రాజెక్టులో మధ్యలో మార్చవచ్చా?

కాస్ట్ కంట్రోల్
ఇంకా మొదలవని యాక్టివిటీలకు మార్చండి. నడుస్తున్నవాటిని పాత టైపులోనే ముగియనివ్వండి. లేకపోతే పని జరగకుండానే ఆ నెల శాతం మారిపోవచ్చు, మీ మేనేజరు గారి భయమే నిజమవుతుంది. ఏ తేదీ నుంచి ఏ పద్ధతో రిపోర్టులో రాయండి.

షెడ్యూలర్
మారిస్తే మారుద్దాం. కానీ మిగిలిన రోజుల విషయంలో నేను తగ్గను. 30 శాతం అయింది కాబట్టి 70 శాతం రోజులు మిగిలాయని ఆఫీసులో కూర్చుని లెక్కకట్టవద్దు. పని చేయించే ఫోర్‌మన్‌ను ప్రతి అప్‌డేట్‌లో విడిగా అడగాలి. పై కేబుల్ పనిలో 24 రోజులా, 10 రోజులా అన్నది ఆయనకే తెలుసు.

సైటు ఇంజనీరు
ఫోర్‌మన్‌ను అడగాలి, నిజమే. అయితే 10 రోజులు అన్నప్పుడు రెండో బృందం ఏ రోజు వస్తుందో కూడా అడిగి రాసుకోవాలి. తేదీ చెప్పలేకపోతే నేను 24నే ఉంచుతాను. ఇక్కడ మీరూ నేనూ ఏకీభవించకపోవచ్చు.