ఎన్‌హెచ్‌ఎస్‌కి పుట్టిల్లు ట్రెడీగరేనా?

నాగావళి:
బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో ట్రెడీగర్ ఒక చిన్న గనుల ఊరు. 1890లో అక్కడి కార్మికులు మెడికల్ ఎయిడ్ సొసైటీ, అంటే చందాలతో నడిచే వైద్య సహాయ సంఘం, పెట్టుకున్నారు. 1948 జూలై 5న బ్రిటన్‌లో అందరికీ ఉచితంగా వైద్యం అందించే ప్రభుత్వ సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ని మొదలుపెట్టిన ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవన్ ఆ ఊళ్లోనే పుట్టాడు. 1920ల చివర్లో అక్కడి ఆస్పత్రి కమిటీలో పనిచేశాడు కూడా. అందుకే ఎన్‌హెచ్‌ఎస్ మూలం ట్రెడీగరే అంటారు. నాదీ అదే మాట.

సభ్యుడి జీతంలో పౌండుకి మూడు పెన్నీలు కోసేవారు. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు, అంటే నూటికి ఒకటింపావు. దానికి ఇంటిల్లిపాదికీ డాక్టరు, మందులు. 1911 నాటి జాతీయ బీమా చట్టం పనిచేసేవాడికే డాక్టర్ని ఇచ్చింది, భార్యాపిల్లల్ని గాలికొదిలేసింది. ట్రెడీగర్‌లో ఆ తేడా లేదు. 1940ల నాటికి ఊళ్లోని 24 వేల మందిలో దాదాపు 22,800 మందికి సొసైటీ వైద్యం అందేది.

మున్నేరు:
నాగావళి గారూ, ఏమేం అందాలన్న విషయంలో మీతో ఏకీభవిస్తాను. డబ్బు దగ్గరికొచ్చేసరికి కథ వేరు. సొసైటీది చందా పద్ధతి. చందా జీతానికి ముడిపడి ఉంటుంది కాబట్టి గని మూతపడితే సొసైటీ రాబడీ పడిపోతుంది. జనం చేతిలో పైసా లేక జబ్బులు ముదిరేది సరిగ్గా అప్పుడే. బెవన్ ఎంచుకున్నది పన్నుల డబ్బు. దానికి నమూనా కావాలంటే స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లో, దీవుల్లో 1913లో సర్కారు డబ్బుతో మొదలైన వైద్యసేవ దగ్గరగా ఉంటుంది. సామాజిక భద్రత మీద 1942లో వచ్చిన బెవరిడ్జ్ నివేదికనీ, యుద్ధకాలంలో ఆస్పత్రులన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చిన ఏర్పాటునీ పక్కనపెట్టి ఒక్క ఊరికే ఘనత కట్టబెట్టడం అన్యాయం. ఇలాంటి సొసైటీలు సౌత్ వేల్స్‌లోనే ఎబ్బూ వేల్‌లోనూ లనెల్లీలోనూ ఉండేవి.

కొల్లేటి కొంగ:
ఇద్దరూ డాక్టర్ల సంగతి వదిలేశారు. అసలు తగాదా అక్కడే. సొసైటీలు రాకముందు గని కంపెనీ జీతంలో కోసిన డబ్బు కంపెనీ డాక్టరుకి వెళ్లేది, మందులు కూడా ఆయన అందులోంచే కొనాలి. మందు ఎంత తక్కువ ఇస్తే ఆయనకి అంత మిగులు. కార్మికులు ఆ డబ్బు తమ కమిటీ చేతికి తీసుకుని, డాక్టర్ని జీతానికి పెట్టుకుని, మందుల ఖర్చు వేరుచేశారు. డాక్టర్ల సంఘం సొసైటీలతో ఏళ్లతరబడి పోరాడింది ఇందుకే.

మరి 1948లో ఏం జరిగింది? ఫిబ్రవరిలో డాక్టర్ల సంఘం ఓటింగు పెడితే పదిలో తొమ్మిది మంది ఎన్‌హెచ్‌ఎస్ చట్టాన్ని వ్యతిరేకించారు. చివరికి బెవన్ ఆస్పత్రుల బయట ప్రాక్టీసు చేసే మామూలు డాక్టర్లని జీతగాళ్లని చెయ్యలేదు. రోగుల సంఖ్యని బట్టి డబ్బు తీసుకునే స్వతంత్రులుగానే ఉండనిచ్చాడు. ట్రెడీగర్ పద్ధతిలో గుండెకాయ లాంటి ముక్క అక్కడే రాలిపోయింది. తర్వాత సౌత్ వేల్స్ గనుల లోయల్లో ప్రాక్టీసు పెట్టడానికి అక్కడి డాక్టర్లు ముందుకు రాక, 1960ల నుంచి ఎన్నో ఊళ్లని భారత ఉపఖండం నుంచి వెళ్లిన డాక్టర్లే నిలబెట్టారు. ఈ మాట చరిత్రలో తగినంత గట్టిగా వినిపించదు.

నాగావళి:
ఇది ఒప్పుకోక తప్పదు. కానీ ఆస్పత్రి డాక్టర్లు జీతం మీదే చేరారు కదా.

మున్నేరు:
చేరారు, కమిటీలే పోయాయి. మమ్మల్ని కొనసాగనివ్వండని సొసైటీలు అడిగితే బెవన్ కాదన్నాడు. ఆస్పత్రులు ప్రాంతీయ బోర్డుల కిందికి వెళ్లాయి, వేల్స్ మొత్తానికి ఒకటే బోర్డు. ట్రెడీగర్‌లో 1904లో తెరిచిన ఆస్పత్రికి కార్మికులు తమ జీతాల్లోంచి ఇచ్చుకున్నారు. 2010లో ఎబ్బూ వేల్‌లో బెవన్ పేరిట కొత్త ఆస్పత్రి రాగానే పాతది మూసేశారు. నిర్ణయం ఊరి చేతిలో లేదు.

కొల్లేటి కొంగ:
చిన్న ఆస్పత్రికి పరిమితులు కూడా ఉండేవండీ. పెద్ద ఆపరేషన్లకి రోగిని ఎలాగూ బయటి ఊరికి పంపాల్సిందే. ఒక్క ఊరి చందాతో స్పెషలిస్టులందర్నీ పోషించడం కుదరదు. బోర్డులు అవసరమే. ఆ బోర్డులో ఊరివాళ్లకి ఓటున్న కుర్చీలు ఎన్ని ఉండాలన్నదే 1948లో తేల్చకుండా వదిలేశారు.