చెయ్యి ఊపాలా, ఊగాలా?

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి.

మేముండేది బెంగళూరులో. పోయిన ఆదివారం మా మేనల్లుణ్ణి మారతహళ్ళి దగ్గర బౌలింగ్‌కి తీసుకెళ్ళాను. అదే, పది పిన్నులు పడగొట్టే ఆట. నాలుగడుగుల పద్ధతి నేర్పాను. కుడిచేతి వాటమైతే కుడికాలు వేస్తూనే బంతిని ముందుకు చాపాలి. రెండో అడుగుకి అది కిందికి దిగి ఒంటి పక్కకు రావాలి, మూడో అడుగుకి వెనక పైకి చేరాలి. నాలుగో అడుగు ఎడమకాలిది, అది జారుతుండగా బంతి ముందుకొచ్చి చేతిలోంచి విడిపోవాలి.

అంతా చెప్పి "చెయ్యి బాగా ఊపరా" అన్నాను. వాడు భుజం బిగబట్టి, పళ్ళు కరుచుకుని ఊపాడు. బంతి సగం దూరం పోకుండానే పక్కనుండే గట్టర్లో, అంటే కాలువలో పడింది. మూడుసార్లూ అంతే. నాలుగోసారి "నువ్వు ఊపకు నాన్నా, చేతిని ఊగనియ్యి" అన్నాను. భుజం దిగింది. చెయ్యి గోడగడియారం లోలకంలా వెనక్కి వెళ్ళి వచ్చింది. ఏడు పిన్నులు పడ్డాయి!

ఆగు–ఆపు, రేగు–రేపు, ఊగు–ఊపు. 'గు' ఉన్నచోట పని దానంతటదే అవుతుంది, 'పు' వస్తే చేసేవాడొకడు ఉంటాడు. బౌలింగ్‌లో చేతిని కదిలించాల్సింది బంతి బరువే. మనం బలం పెడితే చెయ్యి దారి తప్పుతుంది. ఇంగ్లీషులో రెంటికీ 'స్వింగ్' ఒక్కటే, మనకి రెండున్నాయి. ఆ తేడా పిల్లాడి భుజానికి అందిందంటే నాకెంత సంతోషమేసిందో!

*

— బావుందండీ. మరి 'ఆర్మ్ స్వింగ్'కి 'చేతి ఊపు' అనొచ్చుగా?

— అనొచ్చండీ, కానీ 'మంచి ఊపు మీదున్నాడు' అంటాం కదా, అందులో జోరుంది. పిల్లలు మళ్ళీ బలమే పెడతారు. జారుడుబండలో 'జారుడు' ఉన్నట్టు 'చేతి ఊగుడు' అంటే సరిపోతుందని నా ఉద్దేశం.

— ఆఖరి అడుక్కీ ఇదే చిక్కు. 'కాలు జారింది' అంటే పడ్డాడనుకుంటాం.

— నిజమే, అక్కడ జారడం కావాలనే. బంతి వదిలేచోట ఉండే గీత దాటకుండా ఆగాలి కూడా, దాటితే ఆ బంతికి పడిన పిన్నులు లెక్కలోకి రావు. 'జారుడు అడుగు' అందామా? మీ ఊళ్ళో ఇంకో మాటుంటే చెప్పండి, వచ్చే ఆదివారం వాడికి అదే నేర్పుతాను.