చేరినవాళ్లను లెక్కపెట్టాలా, పూర్తిచేసినవాళ్లనా?

మాది నెల్లూరు వైపు. చెన్నైలో ఒక ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రాష్ట్రం మొత్తానికి ఉన్నత విద్య లక్ష్యం ఎలా పెట్టాలన్న దానిపై సెమినార్‌కి పేపర్ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఈ లెక్కలు తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మన లక్ష్యాలన్నీ చేరికల చుట్టూనే తిరుగుతాయి. 2020 జాతీయ విద్యా విధానం 2035 నాటికి స్థూల నమోదు నిష్పత్తి (18-23 ఏళ్ల జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరి ఉన్నవాళ్ల శాతం) 50 శాతానికి చేరాలంటోంది. ఉన్నత విద్యపై కేంద్రం చేసే 2021-22 ఏఐఎస్‌హెచ్‌ఈ సర్వేలో దేశ సగటు 28.4 అయితే తమిళనాడుది 47. ఇంకేముంది, ఇక్కడ దాదాపు అందేసినట్టే! అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 2013లో పెట్టుకున్న లక్ష్యం వేరు: 2025 కల్లా 55 శాతం మంది చేతిలో డిగ్రీయో సర్టిఫికెట్టో ఉండాలని. నాకు ఇదే సబబనిపిస్తుంది.

ఎందుకంటే మా దగ్గర థర్డ్ ఇయర్‌కి వచ్చేసరికి వెనక బెంచీలు ఖాళీ. అరియర్లు (తప్పిన సబ్జెక్టులు) మిగుల్చుకుని డెలివరీ బండెక్కిన కుర్రాళ్లు హాల్ టికెట్ కోసం మాత్రం హెల్మెట్ చేత్తో పట్టుకుని వస్తారు. నమోదులో వీళ్లూ ఉన్నారు మరి.

ఏఐఎస్‌హెచ్‌ఈలో ఏటా పాసైనవాళ్ల సంఖ్య దొరుకుతుంది, కానీ వాళ్లు ఏ బ్యాచ్‌వాళ్లో తెలియదు. ఒకే బ్యాచ్‌ని చివరిదాకా వెంబడించే లెక్క ఎక్కడైనా ఉందా? కేంద్రం ఇంటింటికీ చేసే ఉపాధి సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి పాతిక దాటినవాళ్ల డిగ్రీ శాతం తీద్దామంటే, నాలాగా బయట చదివి ఇక్కడికొచ్చినవాళ్లూ కలిసిపోతారు. వాళ్లను విడదీయడం ఎలా? అరియర్లున్నవాళ్లకు ఎన్నేళ్ల గడువిచ్చి లెక్కలో వేసుకోవాలి? యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసినవాళ్లుంటే ముందు ఈ చివరిదానికి చెప్పండి.